జానెడు దూరం

నాకు అసూయ ఎక్కువ. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే కానీ ఎవరూ పైకి అనరు. మా ఆయన మాత్రం అప్పుడప్పుడు నా ముఖం చూసి, ఇవాళ ఎవరి మీద అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పేపర్లోకి వెళ్ళిపోతాడు. ఆగాల్సిన అవసరం లేదు. పద్దెనిమిదేళ్ళుగా జవాబు ఒకటే. మా తోడికోడలి మీద.

ఆమె మా మరిది భార్య. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. పుట్టి పెరిగింది వారాసిగూడలో. మేమేమో గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడినవాళ్ళం. మా మామగారు బడిపంతులుగా చేసి, చర్చిలో సంఘపెద్దగా ఉండి, ఇద్దరు కొడుకులకీ ఒకే అపార్ట్‌మెంటులో పైనా కిందా ఇళ్ళు చూసి పెట్టి పోయారు. పైన మేము, కింద వాళ్ళు. ఆమె విద్యానగర్‌లో ఒక బడిలో మూడో తరగతి పిల్లలకి చెబుతుంది. వంట చేస్తే కుదురుతుంది. పాట ఎత్తుకుంటే శ్రుతి తప్పదు. దేనికీ కష్టపడినట్టు కనబడదు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆమె కళ్ళు ఒక ఎత్తు.

తార్నాక బస్టాపులో నిలబడి, అంత దూరాన సిగ్నల్ దగ్గర మలుపు తిరుగుతున్న బస్సు నంబరు చదివేస్తుంది. అద్దాలు పెట్టుకున్నా నాకు అక్కడ ఒక బస్సు ఉందనే తెలియదు. నావి చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి కళ్ళద్దాలు. మైనస్ ఆరు. ఆమె, "అక్కా, నీది వస్తున్నది, ముంగటికి రా" అంటుంది. బస్సు వస్తుంది. అది నాదే అవుతుంది. నేను ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, థాంక్స్ చెప్పాలనిపించనందుకు నన్ను నేను తిట్టుకుంటూ డిపార్ట్‌మెంటుకి పోతాను.

యూనివర్సిటీలో జంతుశాస్త్రం మ్యూజియం నా చేతిలో ఉంటుంది. పాత రాతి భవనంలో ఒక పొడుగాటి గది, గోడల నిండా బీరువాలు, బీరువాల నిండా సీసాలు. కిటికీ తీస్తే వేపచెట్లు, వాటి వెనక ప్రహరీ, ప్రహరీ అవతల మాణికేశ్వర్ నగర్ ఇళ్ళ మీద నీళ్ళ ట్యాంకులు. కిటికీ మూస్తే ఫార్మలిన్ వాసన. ఏటా వేసవిలో ఒక్కో సీసా మూత తీసి, ఇగిరిపోయిన మేరకు ద్రవం పోసి, మూత చుట్టూ వేజలైను రాసి మళ్ళీ బిగిస్తాను. అదీ నా ఉద్యోగం. ఆ సీసాల్లో పగడపు దిబ్బల చేపలు ఎన్నో ఉన్నాయి. ఫార్మలిన్‌లో పడ్డ చేపకి మొట్టమొదట పోయేది రంగు. ఎరుపు పోతుంది, పసుపు పోతుంది, చివరికి అన్నీ గంజి రంగుకి వస్తాయి. పిల్లలకి నేను గంజి రంగు చేపని చూపించి, ఇది నీలంగా ఉంటుంది అని చెబుతాను. వాళ్ళు రాసుకుంటారు.

అందులో ఒక సీసా నాది. నాది అంటే నేను పట్టి తెచ్చింది కాదు, నాకన్నా ముందు ఎవరో తెచ్చి పెట్టింది. అందులో వేలెడంత చేపలు రెండు. ఇంగ్లీషులో గోస్ట్ పైప్‌ఫిష్ అంటారు. తెలుగులో పేరు లేదు కాబట్టి నేనే ఆకుచేప అని పెట్టుకున్నాను. సముద్రంలో పెరిగే గడ్డి మధ్య తల కిందికి పెట్టి, అచ్చం ఒక ఆకులాగా కదలకుండా నిలబడుతుంది. ఎవరు దగ్గరికొచ్చినా పారిపోదు. ఆకు పారిపోదు కదా, అదీ దాని ధైర్యం. పొట్ట కింద రెండు రెక్కల్ని దోసిలిలా కలిపి తల్లి గుడ్లు అందులో మోస్తుంది. నా పీహెచ్‌డీ ఏడేళ్ళూ ఆ రెండు చేపల మీదే గడిచింది. సూదితో ఆ దోసిలి విప్పి, లోపల ఎండిన సగ్గుబియ్యంలాంటి గుడ్లు చూసి, బొమ్మలు గీసి డాక్టరునయ్యాను. బతికున్న ఆకుచేపని మాత్రం ఎప్పుడూ చూడలేదు. అసలు సూర్యలంకలో మోకాళ్ళ లోతుకి మించి నేను సముద్రంలోకి దిగిందే లేదు.

వెళ్ళాలని ఉండేది. ప్రతి ఏడూ వచ్చే ఏడు అనుకునేదాన్ని. పరీక్షలు, అత్తగారి జబ్బు, ఇన్‌స్పెక్షన్లు, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒక ఆదివారం భోజనాలయ్యాక మా తోడికోడలు ఫోన్లో ఏదో చూస్తూ, "అక్కా, అండమాన్ పోదామా? గాడ నీ చేపలుంటయ్ కదా" అంది. బుధవారానికల్లా నలుగురికీ టికెట్లు తీసేసింది. నేను ఇరవై ఏళ్ళు మోసిన కోరిక ఆమెకి మధ్యాహ్నం నిద్ర రాని ఒక గంటలో తీరిపోయే పని. సంతోషపడాలి. నేను గదిలోకి పోయి తలుపేసుకుని కాసేపు ఏడ్చాను. అది సంతోషం కాదు.

అయినా మూడు నెలలు తయారయ్యాను. చేపల రంగుల చార్టులు ప్రింటు తీయించి ప్లాస్టిక్ కవర్లలో పెట్టాను. పేర్లన్నీ మళ్ళీ కంఠతా పట్టాను. మా ఆయన చేత తొట్టిలో నీళ్ళు పోయించి ముఖం ముంచి ఊపిరి బిగపట్టడం నేర్చుకున్నాను. అన్నీ ఆలోచించాను. ఒక్కటి మాత్రం తట్టలేదు. ఎనిమిదో ఏటి నుంచీ ముఖం మీద ఉన్నది ముఖంలో భాగమే అనుకుంటాం కదా.

అది పడవలో తెలిసింది. అండమాన్ చేరాక ఒకరోజు పొద్దున్నే జెట్టీ దగ్గర పేర్లు రాయించుకుని, నారింజ రంగు జాకెట్లు తొడిగి, మమ్మల్ని ఒక మోటారు పడవలో కూర్చోబెట్టారు. మేం పోతున్న దీవిలో రాత్రి ఎవర్నీ ఉండనివ్వరు, మూడింటికల్లా తిరిగి పడవెక్కాలి. దారిలోనే మా ఆయనకి కడుపులో తిప్పడం మొదలైంది. మరిది ఆయన వీపు రాస్తూ కూర్చున్నాడు. ఇక వాళ్ళిద్దరూ నీళ్ళలో దిగరని తేలిపోయింది. దీవి దగ్గరికొచ్చాక మమ్మల్ని నీళ్ళలో తిప్పే మనిషి మాస్కులు పంచాడు. నలభై దాటిన మనిషి. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన కుటుంబమట, మేం తెలుగువాళ్ళమని తెలిసి ముఖం విప్పారింది. నా ముఖం చూసి మాత్రం ఆగాడు.

"కళ్ళజోడు మీద మాస్కు నిలబడదమ్మా. కాడల సందులోంచి నీళ్ళొచ్చెస్తాయి. తీసీండి" అన్నాడు.

ఒప్పుకోకుండా అలాగే పెట్టుకుని ముఖం ముంచాను. ముక్కు దాకా ఉప్పునీళ్ళు నిండి, దగ్గి దగ్గి కళ్ళజోడు తీసి మా ఆయన చేతికిచ్చాను. పవర్ ఉన్న మాస్కులు కూడా దొరుకుతాయనీ ముందే తెచ్చుకోవాల్సిందనీ ఆ మనిషి మెల్లగా చెప్పాడు. మా తోడికోడలు నా పక్కనే కూర్చుని, అద్దాలు లేకుండా ఎంత దూరం కనబడుతుందని అడిగింది. ముక్కు కొస మీద బొటనవేలు ఆనించి, చిటికెనవేలు చాపి చూపించాను. "ఇదిగో, ఇంతవరకు. ఈ జానెడులో చీమ కాళ్ళు కూడా లెక్కపెడతాను. ఇది దాటితే ఇంక అంతే." ఆమె కూడా తన ముక్కు మీద వేలు పెట్టి కొలుచుకుంది. తన జాన నా జానకన్నా పెద్దగా ఉందని నవ్వింది.

నీళ్ళలో రంగులు కనబడ్డాయి, అబద్ధమెందుకు. నీలం, పసుపు, ఊదా, చిన్నపిల్లలు రంగుల గిన్నెలు ఒలకబోసినట్టు. కానీ అవి చేపలు కావు, మరకలు. దగ్గరికి పోతే మరకలు చెదిరిపోయేవి. జానెడు దూరం దాకా ఏ చేపా నన్ను రానివ్వలేదు. మా తోడికోడలికి ఈత రాదు. రబ్బరు చక్రం పట్టుకుని తల ముంచి, లేచి, నోట్లో గొట్టం తీసి, చూసింది చూసినట్టు చెప్పేది. పసుపు చీరకి నల్లటి నిలువు గీతలంది. చిలకముక్కు ఉన్నదీ, రాళ్ళు కొరుకుతున్నదీ అంది. నేను పేర్లు చెప్పేదాన్ని. ఒక్కటి కూడా తప్పలేదు. శ్రీకాకుళం మనిషి, అమ్మగారు చూడకుండానే చెప్పేస్తున్నారని పక్క పడవ వాళ్ళకి వినబడేలా మెచ్చుకున్నాడు. నాకు ఆ మెప్పు ఎక్కలేదు. విస్తరి ముందు ఆమె కూర్చుంది, వంటకాల పేర్లు నేను చదువుతున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన చెట్టు నీడన పడుకున్నాడు, మరిది పక్కనే కునుకు తీస్తున్నాడు. పడవకి ఇంకా అరగంట ఉంది. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోయాయి, దీవికి అటువైపు గడ్డి మేట మీద నడుం లోతే మిగిలింది. ఇంకొకసారి ముంచుదాం రా అని ఆమె నన్ను లాక్కుపోయింది. ఆ నీళ్ళలో చక్రాలూ జాకెట్లూ అక్కర్లేదు. నేను ఆమెకి ఆరేడు అడుగుల దూరంలో ముఖం ముంచి ఆకుపచ్చటి మసకని చూస్తూ, ఇంత దూరం వచ్చినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గొంతు తగ్గించి మాట్లాడింది, గట్టిగా అంటే అది వింటుందేమో అన్నట్టు.

"అక్కా, గాడ గడ్డిల ఒకటి నిలబడ్డది. తల కిందికున్నది. ఆకు లెక్కనే ఉన్నది గని దానికి కన్నున్నది."

నేను మాస్కు నుదుటి మీదికి జరుపుకున్నాను.

"మూతి పొడుగున్నది. పొట్ట కింద రెండు రెక్కలు దోసిలి వట్టినట్టున్నయ్. దోసిట్ల ఏందో గింజలు మెరుస్తున్నయ్. ఏందక్కా అది?"

నాకు నీళ్ళలోనే ఒళ్ళు కాలిపోయింది. గుడ్లతో ఉన్న తల్లి. ఏడేళ్ళు నేను సూదితో విప్పి చూసింది, బతికి, ఆకుపచ్చగా, ఆరేడు అడుగుల్లో ఉంది. దాన్ని చూసింది నేను కాదు. ప్రపంచంలో అలాంటి చేప ఒకటుందని కూడా తెలియని మనిషి, ఈత రాని మనిషి, నంబరు చదివి నా బస్సు ఎక్కించే మనిషి చూసింది. ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన ఉన్నదున్నట్టు రాస్తున్నాను. దీనికి పేరు దొరక్కూడదు. నేను పేరు చెప్పకపోతే ఆమె దాన్ని చూసినట్టే కాదు.

"అది గడ్డి" అన్నాను. "ఆకుకి నాచు పట్టి ఉంటుంది. సముద్రపు గడ్డికి గింజలుంటాయి."

"మల్ల కన్ను?"

"గాలి బుడగ."

ఆమె మళ్ళీ అక్కడికి పోయి ముఖం ముంచింది. చాలాసేపు లేవలేదు. లేచాక, "అంతేనేమో. నేనింక చేప అనుకున్న. నా మొఖానికి" అని తనమీద తనే నవ్వింది. అంతలో పడవ వాళ్ళు ఈల వేశారు.

తిరుగు ప్రయాణంలో నా కడుపు చల్లగా ఉంది. ఆ మాట కూడా దాచను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, ఆ అమ్మని నేనే. ఆ సాయంత్రం అందరికన్నా ఎక్కువ అన్నం తిన్నాను.

మా చర్చిలో ప్రయాణం చేసి క్షేమంగా వచ్చినవాళ్ళు ఆరాధన చివర్లో లేచి సాక్ష్యం చెప్పడం అలవాటు. ఆపరేషన్ అయినవాళ్ళు చెబుతారు, పరీక్ష పాసైనవాళ్ళు చెబుతారు, ఊరెళ్ళి వచ్చినవాళ్ళు చెబుతారు. మేం తిరిగొచ్చిన ఆదివారం మా తోడికోడలు లేచింది. పడవ సంగతి చెప్పింది, బావగారి కడుపు సంగతి చెప్పి అందర్నీ నవ్వించింది. తర్వాత గడ్డి సంగతి మొదలుపెట్టింది. తను గడ్డిని చూసి చేప అనుకున్నాననీ, దానికి కన్ను కూడా చూశానని ప్రమాణం చేసేదాన్ననీ, పక్కన అక్క లేకపోతే ఊరంతా అదే చెప్పుకుని తిరిగేదాన్ననీ చెప్పింది. మన కండ్లని మనం నమ్ముకోవద్దు, తెలిసినవాళ్ళని పక్కన పెట్టినందుకు దేవునికి స్తోత్రం అని ముగించింది. జనం ఆమేన్ అన్నారు. పాస్టరుగారు ఆమె వినయాన్ని మెచ్చుకుని, ఆ మాట మీద ఇంకో పది నిమిషాలు మాట్లాడారు. ఆడవాళ్ళ వరసలో ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి నావైపు గౌరవంగా చూశారు. తేలు కుట్టిన దొంగలా నేను పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను.

అక్కడితో పోలేదు. ఇంటి ప్రార్థనల్లో చెప్పింది. బడిలో పిల్లలకి చెప్పిందట, టీచరు గడ్డిని చేప అనుకుందని వాళ్ళు పడి పడి నవ్వారట. చెప్పిన ప్రతిసారీ తనని ఇంకొంచెం తెలివితక్కువగా, నన్ను ఇంకొంచెం గొప్పగా చేసి చెప్పేది. నేను పక్కనే ఉండి చిరునవ్వు పెట్టుకునేదాన్ని. ఈలోగా మ్యూజియంలో నా సీసాని ముందు వరసలోంచి తీసి కింది అరలో, తొండల వెనక పెట్టాను. ఆమె ఇన్నేళ్ళలో మ్యూజియంకి వచ్చింది ఒక్కసారే. అయినా పెట్టాను.

ఒక సోమవారం పొద్దున తార్నాక బస్టాపులో ఇద్దరం నిలబడ్డాం. దూరంగా ఒక బస్సు మలుపు తిరిగింది. ఆమె నంబరు చెప్పి, వెంటనే నావైపు తిరిగి, "అనుకుంటున్న అక్కా. దగ్గరికొచ్చినంక నువ్వే చూసుకో. నా కండ్లకేం భరోసా" అంది. నవ్వుతూనే అంది, ఎత్తిపొడుపు కాదు. ఆమెకి ఎత్తిపొడవడం రాదు. బస్సు వచ్చింది, ఆమె చెప్పిన నంబరే. ఎప్పుడూ నన్ను ముందుకి తోసే మనిషి, ఈసారి నేను చదివేదాకా ఆగింది.

ఆ బస్సు నేను ఎక్కలేదు. ఇవాళ బడికి లేటుగా వెళ్తానని ఫోన్ చెయ్యి, నాతో రా అన్నాను. ఎందుకని అడిగింది, చెప్పలేదు. ఆటోలో క్యాంపస్‌కి వెళ్ళాం. దారి పొడుగునా నాకు ఇంకా వెనక్కి తగ్గే అవకాశం ఉందనే అనుకుంటూ వెళ్ళాను. కొత్త షెల్ఫులు చూపించడానికి తెచ్చానని చెప్పొచ్చు. మ్యూజియం తాళం తీసి, కిటికీ తెరిచి, నేల మీద కూర్చుని తొండల సీసాలు పక్కకి జరిపాను. నా సీసా తీసి, పైటతో దుమ్ము తుడిచి, బల్ల మీద ఆమె ముందు పెట్టాను.

ఆమె వంగి చూసింది. ఇక్కడ అది తల కిందికి పెట్టి లేదు, దారంతో గాజుపలకకి కట్టి ఉంది. రంగు లేదు. అయినా ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. ముందు మూతి చూసింది, తర్వాత పొట్ట కింద దోసిలి చూసింది. సీసా మీద వేలు పెట్టి అక్కడే ఉంచింది.

"ఇదే" అంది. "గాడున్నది ఇదే. గింత తెల్లగ లేకుండె."

"ఇదే" అన్నాను.

"నీకు అప్పుడే తెల్సా?"

"నువ్వు దోసిలి అనగానే తెలిసింది."

ఎందుకు చెప్పలేదని అడుగుతుందనుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు దారిలో తయారుచేసుకున్నాను, నీకు కనబడింది, నాకు కనబడలేదు, కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను అని చెబుదామనుకున్నాను. ఆమె అడగలేదు. బడిలో పిల్లల నవ్వు గుర్తొచ్చిందేమో, లేక చర్చి గుర్తొచ్చిందేమో, ముఖం కాస్త ఎర్రబడింది. తిట్టినా బాగుండేది. తర్వాత బొటనవేలు తన ముక్కు కొస మీద ఆనించి, చిటికెనవేలు సీసావైపు చాపింది. నేను పడవలో చూపించినట్టే.

"అది కదల్లేదు అక్కా. నేను రెండోసారి పోయినప్పుడు గూడ గాడనే ఉన్నది. దాని పక్కన చెయ్యి పెట్టిన, అయినా పోలేదు. గడ్డి అనకుండ చేప అన్నవనుకో, నీ తలకాయ వట్టుకొని దాని ముంగట జానెడు దూరంల పెడుతుంటి. నీకు మంచిగ కనబడుతుండె."

నాకు ఆ సంగతి ఆ రోజు తట్టలేదు. ఈ నిమిషం దాకా తట్టలేదు. ఎవరు దగ్గరికొచ్చినా పారిపోదని ఏడేళ్ళు చదివి, బొమ్మ గీసి, పిల్లలకి పాఠం చెప్పిన మనిషిని నేను.

ఆమె టైము చూసుకుని, రెండో పీరియడ్‌కైనా అందుకుంటానంది. గేటు దాకా వస్తానంటే వద్దంది. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు పోయేదాకా నిలబడి, నేను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాను. వంగి, సీసాకి జానెడు దూరంలో ముఖం పెట్టి చూశాను. మూతి, ముళ్ళు, దోసిలి, కట్టిన దారం, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి.